కొనాలా, అమ్మాలా? 2023లో ఏంజెల్స్, మెట్స్

అమెరికా బేస్‌బాల్‌లో ట్రేడ్ డెడ్‌లైన్ (సీజన్ మధ్యలో ఆటగాళ్లను మార్చుకోడానికి ఆఖరి గడువు) వస్తే సగం జట్లకు ఇదే టెన్షన్: కప్పు కోసం ఆటగాళ్లను కొనాలా, స్టార్లను అమ్మి రేపటి కోసం కుర్రాళ్లను తెచ్చుకోవాలా? ఏంజెల్స్ ఆ ఏడాదితో కాంట్రాక్ట్ ముగిసే తమ స్టార్ ఒహ్తానీని అమ్మకుండా, ప్లేఆఫ్స్ ఆశతో ఇద్దరు మంచి కుర్రాళ్లను వైట్ సాక్స్‌కి ఇచ్చేసి పిచర్లు (మన బౌలర్ల లాంటివాళ్లు) జియోలిటో, లోపెజ్‌లను తెచ్చుకున్నారు. ఆగస్టులో వరసగా ఓడి, ఆ నెలాఖరుకే ఇద్దరినీ వేవర్స్‌లో (వేరే జట్లు తీసుకోవచ్చని వదిలేసే జాబితాలో) పెడితే గార్డియన్స్ ఉత్తినే ఎగరేసుకుపోయారు! 73 గెలుపులు, 89 ఓటములు. డిసెంబర్‌లో ఒహ్తానీ 70 కోట్ల డాలర్లకి డాడ్జర్స్‌కి వెళ్లిపోతే, వీళ్లకు దక్కింది ఒక డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాణ్ణి ఎంచుకునే ఒక ఛాన్స్).

మెట్స్ మాత్రం పరువు పక్కనపెట్టి, జీతాల్లో పెద్ద వాటా తామే కట్టి మరీ తమ స్టార్ పిచర్లు ఇద్దరినీ అమ్మేశారు: షెర్జర్‌ని రేంజర్స్‌కి, వెర్లాండర్‌ని ఆస్ట్రోస్‌కి పంపేశారు. ఆ ఏడాది కప్పు రేంజర్స్‌దే, కడుపు మండుతుంది కదా. కానీ మెట్స్ 2024లో నేషనల్ లీగ్ ఫైనల్ ఆడారు. అది ఆ ట్రేడ్ల పుణ్యమే అనను, వాళ్ల స్టార్ లిండోర్ ఆట అలాంటిది. అయినా నా ఓటు అమ్మకానికే.