సాయంత్రం ప్రొటీన్‌కు ఏది మేలు: గుడాలా, మొలకలా, గుడ్లా, పల్లీలా?

గుడాలంటే ఉడికించి పోపు పెట్టిన గింజలు, గుగ్గిళ్ళన్నమాట. పోల్చాలంటే ముందు కొలత ఒక్కటే ఉండాలి. 12 గ్రాముల ప్రొటీన్ అనుకుందాం. రెండు కోడిగుడ్లు తింటే అంత వస్తుంది. ఎండు బబ్బెర్లు (అలసందలు), పెసర్లు, పల్లీలు ఏవి తీసుకున్నా 50 గ్రాములు చాలు. శనగలైతే 60 గ్రాములు కావాలి. ఇక తేడా అంతా పట్టే సమయంలో, వెంట వచ్చే కొవ్వులో, చేసేటప్పుడు చెడిపోయే తీరులోనే. సర్వపిండిని మాత్రం ఈ పోటీలోకి తేవద్దు. రుచికి తిరుగులేదు గానీ అది బియ్యప్పిండి. అందులో పడే గుప్పెడు పల్లీలు, శనగపప్పు లెక్కను పెద్దగా మార్చవు.

పావుగంటలో తినాలంటే గుడ్డును మించింది లేదు. చల్లటి నీళ్ళలో వేసి, మరగడం మొదలయ్యాక 9 నిమిషాలు ఉంచి, వెంటనే చన్నీళ్ళలోకి తీయాలి. ఎక్కువసేపు ఉడికితే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం వస్తుంది. అది విషమేమీ కాదు, సొనలోని ఇనుము తెల్లసొనలోని గంధకంతో కలిసిన గుర్తు. పెంకుతో పాటు తెల్లసొన ఊడివస్తే గుడ్డు మరీ తాజాదని అర్థం. జిమ్‌కు పోయే పిల్లలు పచ్చిగుడ్డు తాగుతుంటారు. ఉడికించినదాంట్లోని ప్రొటీన్ ఒంటబట్టినంతగా పచ్చిదాంట్లోది ఒంటబట్టదు.

పల్లీలకు శ్రమ లేదు, వేయిస్తే అయిపోయె. కానీ 50 గ్రాములకు దాదాపు 280 కేలరీలు, పల్లీ బరువులో సగం నూనెదే. బరువు తగ్గాలనుకునేవాళ్ళకు ఇది దారి కాదు. బూజు పట్టినవి, ముడుచుకున్నవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయాలి. ఆ బూజు విషం వేయించినా పూర్తిగా పోదు.

మొలకల మీద ఒక భ్రమ ఉంది, మొలకెత్తితే ప్రొటీన్ పెరుగుతుందని. 50 గ్రాముల పెసర్లలో ఉన్నదే మొలకల్లోనూ ఉంటుంది. గింజ నీళ్ళు తాగి బరువెక్కుతుంది కాబట్టి, 100 గ్రాముల లెక్కన చూస్తే తగ్గినట్టే. పెరిగేది విటమిన్ సి, అరుగుదల. అయితే వరంగల్ ఎండాకాలంలో గుడ్డలో కట్టిన మూట పూటకే జిగురెక్కి వాసన కొడుతుంది. వెచ్చటి తడి సూక్ష్మజీవులకూ ఇష్టమే. అందుకని మొలకలను 5 నిమిషాలు ఆవిరి పట్టి తినాలి, గర్భిణులకూ ముసలివాళ్ళకూ పచ్చివి అసలే పెట్టొద్దు.

రోజూ చేసుకునేదానికి మా ఓటు బబ్బెర గుడాలకు. శనగలు రాత్రంతా నానాలి. బబ్బెర్లకు 5 గంటలు చాలు. పొద్దున పనికి పోయేముందు చెంచాడు ఉప్పు వేసిన నీళ్ళలో నానేసిపోతే సాయంత్రానికి సిద్ధం. ఉప్పు వేస్తే గింజ గట్టిపడుతుందంటారు గానీ, నిజానికి తొక్క మెత్తబడుతుంది. మరిచిపోతే మరిగిన నీళ్ళు పోసి, పొయ్యి మీద పెట్టకుండా గంటసేపు మూతపెట్టి ఉంచినా సరే. నానిన నీళ్ళు పారబోయాలి, గ్యాస్ పట్టేవాళ్ళకు అది మరీ ముఖ్యం. గింజ మీద ఒక వేలెడు కొత్త నీళ్ళు పోసి కుక్కర్‌లో రెండు విజిల్స్ రానిచ్చి, ఆవిరి దానంతటదే దిగనివ్వాలి. మూడో విజిల్‌కు గుడాలు పప్పయి కూర్చుంటాయి.

ఎంత ఉడికించినా మెత్తబడకపోతే తప్పు మూడింట్లో ఒకదానిది. గింజ పాతది కావచ్చు, బోరు నీళ్ళు కావచ్చు, పులుపు ముందే పడి ఉండవచ్చు. బోరు నీళ్ళలోని సున్నం తొక్కను పట్టేస్తుంది, మిషన్ భగీరథ నల్లా నీళ్ళతో ఉడికించి చూస్తే తేడా తెలుస్తుంది. సోడా వేస్తే మెత్తబడుతుంది గానీ బి1 విటమిన్ పోతుంది.

పోపుకు చెంచా నూనె చాలు: ఆవాలు, జీలకర్ర, దంచిన మూడు ఎల్లిపాయ రెబ్బలు, కల్యామాకు, ఉల్లిగడ్డ ముక్కలు, పసుపు, కాస్త కారం. వరంగల్ చపాట మిరప కారమైతే ఎర్రటి రంగొస్తుంది, పిల్లలకు మంటా తక్కువే. దించాక రెండు చెంచాల వేయించిన నువ్వుల పొడి చల్లాలి. పప్పుగింజల్లో తక్కువగా ఉండే మెథియోనిన్ (ప్రొటీన్‌లోని ఒక అమైనో ఆమ్లం) నువ్వుల్లో మెండు. ప్రొటీన్ నాణ్యతలో గుడ్డుకున్న మెరుగు చాలావరకు ఇక్కడ భర్తీ అవుతుంది. నిమ్మరసం ఆఖరున పిండాలి, దాంతో గింజలోని ఇనుము బాగా ఒంటబడుతుంది. వెంటనే చాయ్ తాగితే మాత్రం ఆ లాభం చాలా తగ్గుతుంది, గంట ఆగండి.

పోపు పెట్టనివి ఫ్రిజ్‌లో మూడు రోజులుంటాయి. ఉల్లిగడ్డ, నిమ్మకాయ కలిపాక ఆ పూటకే తినేయాలి.