జాగ్రత్త: పాత వీడియో గేమ్ బోర్డును రిపేరుకని కొరియర్‌లో పంపే ముందు ఇది చదవండి

రూ.38,000 పెట్టి కొన్న మిషన్‌లోంచి నా అసలు బోర్డు (గేమ్ ఉండే సర్క్యూట్ బోర్డు) పోయింది. దాని బదులు డూప్లికేట్ బోర్డు వచ్చింది. మాన్యువల్ పేరుతో 1,800, రిపేరు పేరుతో 7,500 అదనంగా పోయాయి. పోలీసు కంప్లైంట్ ఇచ్చాను, అది నడుస్తోంది కాబట్టి రిపేరు చేస్తానన్న ఆ మనిషి పేరు, ఊరు ఇక్కడ రాయడం లేదు. కానీ అతను ఇంకా అమ్ముతూనే ఉన్నాడు, ఇంకా రిపేర్లు తీసుకుంటూనే ఉన్నాడు. ఎలా మోసం చేస్తాడో తెలిస్తే మీలో ఒక్కరైనా తప్పించుకుంటారని ఇదంతా రాస్తున్నాను.

తొంభైల్లో చదువుకున్నవాళ్లకు 'ముస్తఫా' గేమ్ గురించి చెప్పక్కర్లేదు. అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1993లో జపాన్ గేమ్ కంపెనీ కాప్‌కామ్ వాళ్లు తెచ్చారు. అందులో పచ్చ బనీను, టోపీ ఉన్నవాడి పేరు ముస్తఫా కాబట్టి మన దగ్గర గేమ్‌కే ఆ పేరు స్థిరపడిపోయింది. రాజమండ్రిలో మా వీధి చివర షాపులో రూపాయి బిళ్ళ వేసి ఆడేవాళ్లం. మా అన్నయ్య ఆడుతుంటే వెనకాల నిలబడి చూసిన రోజులే ఎక్కువ. అన్నయ్య ఇప్పుడు లేడు. నేను ఆ మిషన్ కొన్నది అందుకే. సంక్రాంతికి అన్నయ్య పిల్లలు హైదరాబాద్ వచ్చేసరికి అది హాల్లో ఉండాలనుకున్నాను.

మిషన్ ఒక పాత పార్లర్ సామాను అమ్మేసినప్పుడు దొరికింది. అమ్మినాయన నిజాయితీపరుడే, "పది నిమిషాలు నడిచి ఆగిపోతుంది, మళ్లీ మొదటినుంచి వస్తుంది" అని ముందే చెప్పాడు. లోపల ఉన్నది కంపెనీ బోర్డు. కాప్‌కామ్ ఈ గేమ్‌ను సీపీ సిస్టమ్ డ్యాష్ అనే పద్ధతిలో, ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇచ్చింది. ఆ పెట్టెతో సహా ఉంది. పార్లర్లలో ఎక్కువగా నడిచినవి డూప్లికేట్లే కాబట్టి పెట్టెతో ఉన్న అసలు బోర్డు మన దగ్గర దొరకడం అరుదు. దాని విలువేమిటో నాకు అప్పుడు తెలియదు. అతనికి తెలుసు.

మాన్యువల్ కోసం వెతుకుతుంటే అతని ప్రకటన కనపడింది. "అన్ని పాత గేమ్ మిషన్లకు ఒరిజినల్ సర్వీస్ మాన్యువల్స్, రిపేరు సహాయం". ఫోన్ చేస్తే చాలా మర్యాదగా మాట్లాడాడు, అన్నా అన్నా అంటూ. యూపీఐలో 1,800 కట్టాక ఒక పీడీఎఫ్ పంపాడు. అట్ట మీద ముస్తఫా బొమ్మ ఉంది. లోపల మాత్రం డిప్ స్విచ్‌ల (బోర్డు మీద సెట్టింగులు మార్చే చిన్న స్విచ్‌ల) పట్టికలు: ఏ, బీ, సీ అని మూడు వరుసలు, ఏ స్విచ్ ఎటు నొక్కితే ఎన్ని ప్రాణాలు, ఎంత కష్టం అని. నా బోర్డు మీద ఎంత వెతికినా ఆ స్విచ్‌లు లేవు. అడిగితే "మీ బోర్డులో అవి విరిగిపోయి ఉంటాయి అన్నా, అదే ఫాల్ట్" అన్నాడు. నేను నమ్మాను.

నిజం ఏమిటంటే ఈ గేమ్ అసలు బోర్డుకు డిప్ స్విచ్‌లు ఉండవు. సెట్టింగులన్నీ ఒక చిన్న మెమరీ చిప్‌లో ఉంటాయి, టెస్ట్ స్విచ్ నొక్కితే తెర మీద వచ్చే మెనూలోంచి మార్చుకోవాలి. మూడు వరుసల స్విచ్‌లు ఉండేది అంతకుముందు వచ్చిన సీపీ సిస్టమ్ బోర్డులకి. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2 అలాంటిదే. అంటే వేరే గేమ్ మాన్యువల్‌కు అట్ట మార్చి అమ్మాడు. పైగా ఆర్కేడ్ (పార్లర్ గేమ్) మాన్యువల్స్ స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో పెద్ద సంఖ్యలో ఉచితంగా ఉన్నాయి, ఎవరైనా దించుకోవచ్చు. ఇళ్లల్లో ఆడే కన్సోళ్లయితే ఐఫిక్సిట్ అనే వెబ్‌సైట్‌లో ఫొటోలతో సహా విప్పే పద్ధతి ఉంటుంది, అదీ ఉచితమే. మామ్ అనే ఎమ్యులేటర్ (పాత గేమ్‌లను కంప్యూటర్‌లో నడిపించే సాఫ్ట్‌వేర్) కూడా ఈ విషయంలో చాలా పనికొస్తుంది. 1997 నుంచి వేలాది పాత గేమ్‌ల బోర్డులను పరిశీలించి దాన్ని తయారుచేస్తూ వస్తున్నారు. అందులో మీ గేమ్ సర్వీస్ మెనూ తెరిచి చూస్తే, మీకు అమ్మిన మాన్యువల్ ఆ గేమ్‌దో కాదో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. నేను ఈ పని ముందే చేసి ఉంటే కథ అక్కడితో ఆగిపోయేది.

తర్వాత వీడియో కాల్‌లో "సహాయం" మొదలైంది. పవర్ సప్లై మీద ఒక చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని కుడివైపు చివరిదాకా తిప్పమన్నాడు. వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ లేకుండా. భయం వేసి తిప్పలేదు, ఆ భయమే మంచిదయింది. ఈ బోర్డుల్లో ఉండే 74 సిరీస్ చిప్‌లు 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య పనిచేయడానికి చేసినవి. ఆ స్క్రూ బోర్డుకు వెళ్లే వోల్టేజీని మారుస్తుంది. మీటర్ పెట్టకుండా దాన్ని తిప్పితే బోర్డు మొత్తం పోయే ప్రమాదం ఉంది. ఎవరైనా ఫోన్‌లో అలా చెబితే ఆ క్షణమే ఫోన్ పెట్టేయండి.

నేను తిప్పనన్నాక అతను ఇంకో మాట ఎత్తాడు. "లోపల బ్యాటరీ చచ్చిపోయింది అన్నా. దీన్ని సూసైడ్ బ్యాటరీ అంటారు. నెల దాటితే బోర్డు చెత్తబుట్టకే. వెంటనే పంపండి." ఇందులో సగం నిజం ఉంది, అందుకే ప్రమాదం. కాప్‌కామ్ ఆ కాలపు బోర్డుల్లో కొన్నింటికి నిజంగానే లిథియం బ్యాటరీ ఉంటుంది. డూప్లికేట్లు చేయకుండా ఆపడానికి కొంత రహస్య సమాచారం ఆ బ్యాటరీతో నిలబడే మెమరీలో పెట్టారు. బ్యాటరీ అయిపోతే ఆ సమాచారం పోతుంది, మిగతా చిప్‌లన్నీ బాగున్నా గేమ్ సరిగా నడవదు. కానీ అలా ఆగిపోయిన బోర్డులను కూడా మళ్లీ నడిపించే పద్ధతులు ఇప్పుడు ఉన్నాయి. అది చెత్తబుట్టకు వెళ్లే వస్తువు కానేకాదు. పైగా నా మిషన్ పది నిమిషాలు చక్కగా నడిచేది. బ్యాటరీ పోయిన బోర్డు పది నిమిషాలు బాగా నడిచి ఆగదు కదా! టెన్షన్‌లో ఆ చిన్న విషయం తట్టలేదు. బబుల్ కవర్ చుట్టి, పెట్టెతో సహా కొరియర్ చేశాను. అడ్వాన్స్ 7,500.

ఐదు వారాలకు తిరిగి వచ్చింది. ప్లాస్టిక్ పెట్టె లేదు. "దారిలో పగిలింది, పారేశాం, బోర్డు సేఫ్" అన్నాడు. మిషన్‌లో పెట్టాను. బొమ్మ వచ్చింది. పాట మాత్రం వేరేగా ఉంది. అసలు బోర్డుకు క్యూసౌండ్ అనే స్టీరియో పద్ధతి ఉంటుంది, దెబ్బల చప్పుడు కూడా నిండుగా వినిపించేది. ఇందులో డొల్లగా, ముక్కలు ముక్కలుగా వస్తోంది. పది నిమిషాలకు మళ్లీ ఆగిపోయింది. అప్పటినుంచి అతను ఫోన్ ఎత్తలేదు.

కోఠి గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొంటుండగా ఒక షాపాయన, పాత టీవీలు బాగుచేసే పెద్దాయన దగ్గరకు పంపాడు. ఆయన ఇంటికొచ్చి బోర్డు ముట్టుకోకుండానే, దానికి తగిలించే కనెక్టర్ దగ్గర మీటర్ పెట్టారు. 4.6 వోల్టులు. పవర్ సప్లైలో కెపాసిటర్లు ఎండిపోయాయి. వేడెక్కేకొద్దీ వోల్టేజీ పడిపోతోంది, గేమ్ మొదటికి వస్తోంది. అంతే జబ్బు. కొత్త పవర్ సప్లై పెట్టి 5.05కి సర్దారు, ఆయన కూలితో కలిపి 1,400 అయింది. ఆ రోజంతా మిషన్ ఆగలేదు.

అంటే నా అసలు బోర్డుకు ఏ రోగమూ లేదు.

సామాను సర్దుకుంటూ ఆయన బోర్డును లైటుకు పట్టి చూశారు. "సార్, ఇది కంపెనీ బోర్డు కాదు సార్. ఎవరు పెట్టారు ఇది?" అని అడిగారు. ఎక్కడా కాప్‌కామ్ అని అచ్చు లేదు. కాప్‌కామ్ సొంత చిప్‌లు ఉండాల్సిన చోట మామూలు చిప్‌లు గుంపుగా ఉన్నాయి, కొన్నింటి మీద నంబర్లు గీకేశారు. బాగున్న బోర్డును బాగులేదని చెప్పి తెప్పించుకుని మార్చేశాడు. ఆ సాయంత్రం పిల్లలు వచ్చి ఆడుతుంటే వాళ్లకేమీ చెప్పలేకపోయాను.

మీరు ఇలాంటి మిషన్ కొంటుంటే, లేదా ఇప్పటికే ఇంట్లో ఉంటే, ఒక మాట బతిమాలి చెబుతున్నాను. బోర్డును ఎవరి చేతికైనా ఇచ్చే ముందు రెండు వైపులా ఫొటోలు తీయండి. ప్రతి స్టిక్కరూ, పెద్ద చిప్‌ల మీద నంబర్లూ చదవగలిగేలా దగ్గరగా తీయండి. మనిషి చేతిరాత, గీత, కాలిన మచ్చ ఏదున్నా వదలొద్దు. నా దగ్గర కొన్న రోజు సరదాగా తీసిన రెండే ఫొటోలు ఉన్నాయి. కంప్లైంట్ ఇవ్వడానికి ఆ రెండే దిక్కయ్యాయి.

పదే పదే ఆగిపోయి మొదటికి వస్తుంటే ముందు 5 వోల్టులు చూడండి. 1985లో జపాన్ గేమ్ మిషన్ల తయారీదారుల సంఘం ఖరారు చేసిన జమ్మా కనెక్టర్ చాలా మిషన్లకు ఉంటుంది. ఒక్కో వైపు 28 చొప్పున 56 పిన్నులు. 1, 2 పిన్నులు గ్రౌండ్, 3, 4 పిన్నులు 5 వోల్టులు, 6వది 12 వోల్టులు. 7వ చోట తిరగేసి పెట్టకుండా ఒక అడ్డం ఉండాలి. పాత మిషన్లలో అది చాలాసార్లు ఊడిపోయి ఉంటుంది. అది లేకపోతే కనెక్టర్‌ను తిరగేసి తగిలించే అవకాశం ఉంది, అలా పెట్టి స్విచ్ వేస్తే బోర్డు కాలిపోతుంది. మార్కర్‌తో పైవైపు గుర్తు పెట్టుకోండి.

మీటర్ పని అలవాటు లేకపోతే మెకానిక్‌ను ఇంటికి పిలిపించుకోండి. ముఖ్యంగా పిక్చర్ ట్యూబ్ జోలికి మీరు వెళ్లొద్దు. రంగుల ట్యూబ్ మీద ఉండే రబ్బరు మూత కింద 20,000 వోల్టులకు పైగా ఉంటుంది. స్విచ్ కట్టేసి ప్లగ్ తీసినా అక్కడ చార్జి మిగిలి ఉండొచ్చు. మన ఊళ్లలో పాత టీవీలు బాగుచేసినవాళ్లకు ఇది తెలుసు. వాళ్లు పెద్దవాళ్లయిపోతున్నారు. ఇంకా పని చేస్తున్నవాళ్లుంటే వెతికి పట్టుకోండి, అడిగినంత ఇవ్వండి.

కన్సోళ్లు కొనేవాళ్లకు కూడా ఒక్క మాట. జపాన్ కరెంటు 100 వోల్టులు, అక్కడి అడాప్టర్ మన 230లో గుచ్చితే కాలిపోతుంది. నింటెండో కంపెనీ కన్సోల్ అమెరికాలో నెస్, జపాన్‌లో ఫామికామ్ పేరుతో వచ్చింది. నెస్ అడాప్టర్ ఏసీ ఇస్తుంది, ఫామికామ్‌కు డీసీ కావాలి. పిన్ను సరిపోయింది కదా అని ఒకదానిది ఇంకోదానికి పెట్టొద్దు. "అన్నింటికీ ఒకటే అడాప్టర్" అని అమ్మేవాళ్లున్నారు, నమ్మకండి. కంపెనీ చూసుకుంటుందిలే అనుకోవడానికీ లేదు. 1983లో వచ్చిన ఫామికామ్‌ను విడిభాగాలు దొరకక నింటెండో జపాన్‌లోనే 2007లో రిపేరు చేయడం ఆపేసింది. అందుకే మనం బయటివాళ్ల మీద ఆధారపడాలి, మంచివాళ్లు కూడా చాలామంది ఉన్నారు. మంచి మెకానిక్ ముందు ఫొటోలు అడుగుతాడు, వోల్టేజీ ఎంతో అడుగుతాడు, "వెంటనే పంపకపోతే చచ్చిపోతుంది" అని తొందరపెట్టడు. మార్చిన పాత చిప్‌ను తిరిగి మీ చేతిలో పెడతాడు.

ఇప్పటికే డబ్బు కట్టి మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ నేరాల హెల్ప్‌లైన్. డబ్బు వాళ్ల ఖాతాలోంచి కదలకముందే చేస్తే ఆపే అవకాశం ఉంటుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. నేను ఐదు వారాలు ఆగి చేశాను, డబ్బు అప్పటికే వెళ్లిపోయింది. కొరియర్ రసీదు, చాట్, యూపీఐ వివరాలు ఏవీ చెరపలేదు కాబట్టి కంప్లైంట్ మాత్రం తీసుకున్నారు.

నా బోర్డు ఎక్కడో ఒకచోట అమ్మకానికి వస్తుంది. గుర్తులు చెబుతాను. ప్లాస్టిక్ పెట్టె పైన, కుడివైపు మూల దగ్గర, పాత షాపాయన నల్ల మార్కర్‌తో తెలుగులో రాసిన "లక్ష్మి 2" అనే మాట ఉంటుంది. "2" సగం చెరిగిపోయింది. కింద ఒక స్క్రూ లేదు, ఆ చోట ఎర్ర వైరు ముక్క కట్టి ఉంటుంది. అలాంటిది ఎవరైనా మీకు చూపిస్తే కొనకండి. ఫొటో ఒక్కటి తీసి నాకు చెప్పండి, ఏ ఊరైనా వస్తాను.