ఉగాది పార్సెల్ భోజనం: బొబ్బట్లు వారివి, పచ్చడి మనది

పిల్లలు ఉద్యోగాల పేరుతో వేరే ఊళ్ళకు వెళ్ళిపోయి, ఇంట్లో భార్యాభర్తలిద్దరే మిగిలి, ఒకరికి మోకాళ్ళ నొప్పులు, ఇంకొకరికి షుగరు వచ్చాక, పండుగ వంట ఎవరు చెయ్యాలి, చేసినా ఎవరు తినాలి అన్నది పెద్ద చిక్కే. 2026 మార్చి 19న వచ్చిన పరాభవ ఉగాదికి ఆ చిక్కు తీరుతుందని మారతహళ్ళి వైపు ఇంట్లోనే వంట చేసి పంపే ఒక తెలుగు కుటుంబం దగ్గర పండుగ భోజనం తెప్పించుకున్నాము. వారి పేరు రాయడం లేదు కానీ, ఇలాంటి పార్సెళ్ళు ఇప్పుడు బెంగళూరులో చాలామందే ఇస్తున్నారు కనుక, మా ఈడువారికి ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు.

ముందుగా బొబ్బట్ల గురించి చెప్పాలి, ఎందుకంటే డబ్బులు ఇచ్చింది ముఖ్యంగా వాటికోసమే. ఇక్కడి హోళిగె (కన్నడంలో బొబ్బట్లు) అంగళ్ళలో ఎక్కువగా దొరికేది కందిపప్పు పూర్ణం. ఆ పప్పు ఉడికించిన నీటితోనే కన్నడంవారు ఒబ్బట్టు సారు అనే చారు కాచుకుంటారు. అది రుచిగానే ఉంటుంది కానీ, శనగపప్పు పూర్ణానికి అలవాటుపడిన నోటికి పండుగ వచ్చినట్టు అనిపించదు. వీరు పంపినవి శనగపప్పువే. పూర్ణం అంచు దాకా నిండి ఉంది, విరిస్తే పైపొర పలచగా విడిపోయింది, పప్పు ఎక్కడా పలుకుగా తగల్లేదు. పెనం మీద కాస్త నెయ్యి వేసి రెండు వైపులా వేడిచేసుకోమని కవరు మీద తెలుగులో రాసి పెట్టారు, అలా చేశాక యాలకుల వాసన హాలు దాకా వచ్చింది. వీడియో కాల్‌లో మా అమ్మాయి "అమ్మా, ఇన్ని బొబ్బట్లు నువ్వే చేశావా?" అని అడిగినప్పుడు నేను అవుననలేదు, కాదని కూడా అనలేదు.

మామిడికాయ పులిహోరలో పోపు దండిగా ఉంది, గుత్తివంకాయ కూరలో మసాలా కాయ లోపలికి పట్టింది. పప్పుచారు ఉందంటే ఉంది. గారెలు మాత్రం మూత బిగించిన డబ్బాలో ఆవిరి పట్టి మెత్తబడి వచ్చాయి. పదకొండున్నరకు వస్తుందన్న పార్సెల్ ఒంటిగంటకు వస్తే గారెలు మాత్రం ఏం చేస్తాయి? వాటిని పెరుగులో వేసి, పైన పోపు పెట్టి, ఆవడలు చేసేశాను. మావారు ఆ ఆలస్యంలో పంచాంగం ముందేసుకుని రాశిఫలాలు చూసి, తన రాశికి ఆదాయం కన్నా వ్యయం ఎక్కువగా ఉందనీ, ఆ వ్యయంలో మొదటి పద్దు ఈ పార్సెలేననీ తేల్చారు. ధర నిజంగానే మామూలు హోటలు భోజనానికి దాదాపు రెట్టింపు.

అసలు ఫిర్యాదు పచ్చడి మీద. చిన్న ప్లాస్టిక్ గిన్నెలో బెల్లం పాకం, అరటిపండు ముక్కలు, జీడిపప్పు, ఎండు ద్రాక్ష వేసి పంపి దాన్ని ఉగాది పచ్చడి అన్నారు. కొత్త చింతపండు పులుపు లేదు, మామిడి వగరు లేదు, వేపపువ్వు చేదు వెతికినా తగల్లేదు. చేదు తగ్గిస్తే కొనుక్కునేవారు మెచ్చుకుంటారని వారు అనుకుని ఉండవచ్చు. కానీ యాభై దాటినవారికి కొద్దిపాటి చేదు కొత్తేమీ కాదు, మాత్రలన్నీ మింగుతున్నది మేమే కదా! ఎదురింటి కన్నడ ఆవిడ పొద్దున్నే బేవు బెల్ల (వేప, బెల్లం) తెచ్చి ఇచ్చారు కనుక, అందులోని వేపపువ్వు ఏరి, ఇంట్లో ఉన్న మామిడికాయ తరిగి, ఉప్పు, కారం, చింతపండు రసం, బెల్లం కలిపి పచ్చడి మళ్ళీ చేసుకున్నాము. దానికి పట్టింది పావుగంట, కూర్చునే చేసుకోవచ్చు, మోకాళ్ళకు ఏ ఇబ్బందీ లేదు.

ఇంకొక మాట. నలుగురికి తక్కువైతే ఆర్డరు తీసుకోము అన్నారు. ఇలాంటి భోజనం తెప్పించుకునే ఇళ్ళలో సగానికి సగం మాలాంటి జంటలే అయి ఉండాలి, మరి ఆ నలుగురు ఎక్కడి నుంచి వస్తారో వారే చెప్పాలి. మరునాడు హొసతొడకు, అంటే ఇక్కడివారు మాంసం వండుకునే రోజు అని, ఊళ్ళో మాంసం దుకాణాల ముందు బారులు తీరి ఉంటే, మేము పొద్దున పులిహోర, మధ్యాహ్నం పులిహోర తిన్నాము. పులిహోర రెండోరోజే బాగుంటుందన్న మాట నిజమే కానీ, షుగరున్న మనిషిని ఫ్రిజ్‌లో మిగిలిన బొబ్బట్ల నుంచి కాపాడడం నాకు వంటను మించిన పని అయింది.

బొబ్బట్లకు, వంకాయ కూరకు ఈ పార్సెల్ తెప్పించుకోవచ్చు. గారెలు కావాలంటే పిండి రుబ్బి పంపమని అడిగి, ఇంట్లో వేయించుకోవడం మేలు. వచ్చే ఉగాదికి ఇద్దరి భోజనం కూడా పెట్టి, ఆ పచ్చడి గిన్నెకు బదులు గుప్పెడు వేపపువ్వు పొట్లం కట్టి పంపితే, అందరికంటే ముందు బుక్ చేసేది మేమే.