వానలోనూ అక్కరకొచ్చిన శాటిలైట్ మీటర్

అమలాపురంలో డిష్‌లు బిగించే పని నాది. డిష్‌కి సిగ్నల్ ఎంత బాగా అందుతోందో అంకెల్లో చూపించే ఈ మీటర్ కొని రెండు నెలలైంది. మొన్న జడివాన పట్టుకుంటే అరుగు మీద కూర్చుని మా 60 సెంటీమీటర్ల డిష్ వైరు దీనికి తగిలించాను. సిగ్నల్ క్వాలిటీ 78 నుంచి దిగుతూ దిగుతూ 30కొచ్చింది, టీవీలో అయితే బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోయేదే. వాన తెరిపిచ్చి, చూరు నీళ్ళు ఇంకా కారుతుండగానే మళ్ళీ 76! ఈ చిన్న డిష్‌లకు సిగ్నల్ మోసుకొచ్చే కేయూ బ్యాండ్ తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లే, చినుకులు దాన్ని పీల్చేసి చెదరగొడతాయి. పాత పెద్ద డిష్‌ల సీ బ్యాండ్‌కి ఈ బాధ తక్కువ. ఎండలో స్క్రీన్ సరిగా కనిపించదు, అదొక్కటే లోటు. కస్టమర్లకు ఇప్పుడు అంకె చూపించి మరీ చెబుతున్నాను: తెరిపి రోజున గురి ఒక్క పిసరు కూడా తప్పకుండా బిగించుకుంటే, ఓ మోస్తరు వానకి బొమ్మ ఆగదు.