మందస కొండ కాటా: చీపురుకు అయిదు, చింతపండుకు మూడు

శ్రీకాకుళం జిల్లా మందస కొండల అంచున ఒక సవర గిరిజన మహిళా సంఘం నడుపుతున్న అటవీ సరుకుల కొట్టు ఇది. పిక్క తీసిన చింతపండు, కొండ చీపుర్లు, కుంకుడుకాయలు దొరుకుతాయి. చీపుర్లకు కళ్లు మూసుకుని అయిదుకు అయిదు మార్కులు వేయొచ్చు.

కట్టను తిరగేసి మొదలు చూడండి. కొడవలితో కోసిన పుల్ల మొదలు నున్నగా తెగి ఉంటుంది. పీకిన పుల్లకు వేరు పీచు, మట్టి అంటుకుని ఉంటాయి. పీకితే దుబ్బే పోతుంది, మరుసటేడు అక్కడ చీపురు ఉండదు. అందుకే వేరున్న కట్టను ఇక్కడ కాటా ఎక్కించరు. అది గ్రామసభ కట్టుబాటు, తీర్మానాల పుస్తకం అడిగితే చూపిస్తారు. అటవీ హక్కుల చట్టం నియమాల ప్రకారం సభకు సగం మంది రావాలి, వచ్చినవారిలో మూడోవంతు ఆడవాళ్లుండాలి. ఆ మూడోవంతు వేలిముద్రలకే పరిమితమైతే లాభం లేదు. చీపురు కోసే మనిషికే తీర్మానంలో ఏముందో తెలియకపోతే దాన్ని పాటించేదెవరు? గిడుగు రామమూర్తి సొంత డబ్బుతో సవర పిల్లలకు బళ్లు పెట్టిన సీమ ఇది, ఈ మాట ఇంకా చెప్పుకోవాల్సి రావడం సిగ్గే.

తూకం దగ్గర పలక మీద మూడు అంకెలు రాస్తారు: 24.6, 0.6, 24.0. మొత్తం, గోనె, నికరం. సరుకు తెచ్చినావిడ అది చదువుకున్నాకే చీటీ చింపుతారు. తరుగు పేరుతో కోత పెట్టడానికి ఇక్కడ సందు లేదు.

చింతపండుకు మాత్రం మూడే. నూరు కిలోల కాయలో గుజ్జు సుమారు 55, పిక్క 34, మిగతాది పెంకూ ఈనెలూ. ఎండ చాలకముందే కొట్టడంతో గుజ్జు పిక్కకు పట్టేసి, ఆ 55లోనూ కొంత పోతోంది. పైగా తడి ఆరకుండానే ప్లాస్టిక్ సంచుల్లో కుక్కుతున్నారు. లోపల చెమట పట్టి, వానాకాలానికి నల్లబడుతుంది. ముద్ద నొక్కి చూడండి, వేళ్లకు తడిగా అంటుకుంటే తీసుకోకండి. ఇంకో రెండెండలు పెట్టి వెదురు బుట్టల్లో సర్దితే ఈ బాధ ఉండదు.

ఇంకో లోపం, పుస్తకం రాసేది ఒక్క అమ్మాయే. ఆమె ఊళ్లో లేని రోజు పలక ఖాళీ, తూకం నోటిమాట. కనీసం ముగ్గురికి లెక్క రాయడం రావాలి. ఆమె పెళ్లై వెళ్లిపోయేలోగా అయితే మేలు.

టోకున కొనేవాళ్లు రవాణా చీటీ, అంటే అటవీ సరుకును తరలించే అనుమతి పత్రం, మర్చిపోకండి. అటవీ హక్కుల నియమాలకు 2012లో వచ్చిన సవరణ తర్వాత అది ఇవ్వాల్సింది గ్రామసభ కమిటీయే. బండిలో లోడు ఎక్కించకముందే రాయించుకోండి, సంతరోజు సంతకం పెట్టేవాళ్లు దొరకరు.