అతను ఇంట్లోనే ఉన్నప్పుడు: ఫోన్ కాలా, చాటా?

2020 లాక్‌డౌన్‌లో హింసించేవాడితోనే రోజంతా గడపాల్సి వచ్చింది చాలామందికి. అలాంటప్పుడు గృహహింస హెల్ప్‌లైన్‌ను సాయం ఎలా అడగాలి?

గోప్యత: కాల్ చేస్తే మాట వినబడుతుంది. చాట్‌కు చప్పుడుండదు, కానీ జాడ మిగులుతుంది. అతను ఫోన్ తనిఖీ చేసే రకమైతే అసలు టెన్షన్ ఇదే. హిస్టరీ మొత్తం చెరిపేస్తే అదీ అనుమానమే, ఆ ఒక్క చాటే తీసేయాలి. ప్రైవేట్ విండో (హిస్టరీ దాచుకోని బ్రౌజర్ విండో) కూడా నిఘా యాప్‌ను ఆపలేదు.

ఖర్చు: కాల్‌కు సిగ్నల్ చాలు, చాట్‌కు డేటా కావాలి. తుఫానుకు నెట్ పోతే చాట్ లేనట్టే.

వేగం: లైన్ కలిస్తే ఫోన్ కాలే వేగం. చాట్‌ను మాత్రం మధ్యలో ఆపి మళ్లీ అందుకోవచ్చు.

పక్క గదిలో ఉంటే చాట్. బయటికెళ్తే కాల్. ఫోన్‌పై నిఘా అనుమానముంటే ఏదైనా సరే, నమ్మకస్తుల ఫోన్ నుంచే. చెయ్యి ఎత్తాడంటే ఇవేవీ కాదు, నేరుగా అత్యవసర నంబరుకే.