సెలరీలో సాఫ్ట్ టైమ్ లిమిట్: మూడేళ్ల వాడకం, ఒక రెట్టింపు రాత్రి

సెలరీ అనే పేరు విని మా అకౌంట్స్ విభాగంలో ఒకాయన ఇది జీతాల సాఫ్ట్‌వేర్ అనుకున్నారు. కాదు, ఇది పైథాన్ ప్రోగ్రామ్‌ల పనులను వరుసలో పెట్టి వెనకాల చేయించే టూల్. నెలాఖరున వేల బిల్లులను ఎనిమిది వర్కర్లకు, అంటే ఆ పనులు చేసే ప్రాసెస్‌లకు, పంచి, మెయిల్‌లో పంపించేది ఈ సెలరీయే. మూడేళ్లుగా దీన్ని వదలనిది సాఫ్ట్ టైమ్ లిమిట్ కోసం. సమయం మించితే పనిని చంపేయదు, ముందు లోపలే ఒక ఎక్సెప్షన్ (మన కోడ్ పట్టుకోగలిగే హెచ్చరిక) లేపుతుంది. సగంలో ఉన్న ఫైలు మూసి, ఎక్కడిదాకా వచ్చామో రాసిపెట్టుకుని మర్యాదగా బయటికి రావచ్చు. అప్పటికీ వినకపోతే హార్డ్ లిమిట్ ప్రాసెస్‌నే చంపేస్తుంది. మా హార్డ్ లిమిట్ 90 నిమిషాలు.

కిందటేడు కరెంటు పోయి కొన్ని పనులు గల్లంతయ్యాక, పని పూర్తయ్యాకే బ్రోకర్‌కు (పనులను వరుసలో ఉంచి వర్కర్లకు అందించే మధ్యవర్తికి) రసీదు వెళ్లేలా సెట్టింగ్ మార్చాను. మహా తెలివైన పని చేశాననుకున్నాను. ఆ నెలాఖరు మర్నాడు పొద్దున్నే ఫోన్లు: "ఒకే బిల్లు రెండుసార్లు పంపారేమండీ?" లాగ్ తెరిస్తే, రాత్రి 1.10కి ఒక వర్కర్ అందుకున్న టాస్కే 2.12కి మరో వర్కర్ చేతిలో ఉంది. ఐడీలో ఒక్క అక్షరం తేడా లేదు. మొదటిది అప్పటికింకా నడుస్తూనే ఉంది.

మాలాగా బ్రోకర్‌గా రెడిస్ అనే డేటాస్టోర్ పెట్టుకుంటే విజిబిలిటీ టైమౌట్ అని వేరే గడువు ఉంటుంది, డిఫాల్ట్‌గా 3600 సెకన్లు. అంతలోగా రసీదు అందకపోతే ఆ పని మరో వర్కర్‌కు వెళ్తుంది. నా 90 నిమిషాలతో దానికి పనిలేదు. ఈ సంగతి డాక్యుమెంటేషన్‌లో ఉంది, చదవనిది నేనే. దాన్ని 10800కి పెంచాను. పంపేముందు ఆ బిల్లు నంబరు వెళ్లిందా అని చూసే నాలుగు లైన్లూ చేర్చాను.

మర్యాదగా అన్నాను గానీ, డేటాబేస్ జవాబు కోసం సైకోపీజీ2 (పైథాన్‌ను పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో కలిపే లైబ్రరీ) లోపల ఎదురుచూస్తున్న పనికి ఆ ఎక్సెప్షన్ వెంటనే తగలదు. హార్డ్ లిమిట్ చంపినా పోస్ట్‌గ్రెస్‌లో క్వెరీ నడుస్తూనే ఉండవచ్చు. అందుకు పోస్ట్‌గ్రెస్‌లో స్టేట్‌మెంట్ టైమౌట్ (ఒక్కో క్వెరీకి గడువు) విడిగా పెట్టాలి. నేను 300 అని రాసి ఐదు నిమిషాలనుకున్నాను. అది మిల్లీసెకన్ల లెక్క. ఆ పూట ఒక్క పెద్ద రిపోర్టూ బయటికి రాలేదు.

మాది లైనక్స్, ఒకే సర్వర్, చూసుకునేది నేనొక్కడినే. ఈ సరంజామాకు సరిపోతోంది. విండోస్ మీద నడిపేవారికి మాత్రం ఇది వాడమని చెప్పను, సాఫ్ట్ లిమిట్ అక్కడ పనిచేయదు. విసిగి రెడిస్ బదులు రాబిట్‌ఎంక్యూ అనే మరో బ్రోకర్‌కి మారదామని చూశాను. అక్కడ రసీదు గడువు డిఫాల్ట్‌గా 30 నిమిషాలే. ప్రస్తుతానికి ఇక్కడే ఉన్నాను.